సహాయం ముందే వచ్చేస్తే చదువు ఏమవుతుంది? చెన్నై కాలేజీల్లో మన పిల్లలు, వాళ్ళ సాధనాలు

తాంబరం అధ్యాపకుడు:

సభ్యులకు నమస్కారం. చెన్నై శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నేను మొదటి, రెండో సంవత్సరాల విద్యార్థులకు ఎలక్ట్రిక్ సర్క్యూట్లు బోధిస్తాను. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు మా తరగతుల్లో ఎప్పుడూ చాలామందే ఉంటారు కనుక, వాళ్ళ చదువు తీరు గురించి తెలుగువాళ్ళ మధ్యనే మాట్లాడుకోవడం మేలనిపించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఇంటికిచ్చిన లెక్కలను ఈ మధ్య దాదాపు అందరూ తప్పుల్లేకుండా చేసి తెస్తున్నారు. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి వాడి, పాక్షిక భిన్నాలుగా విడగొట్టి, చివరి సమీకరణం దాకా చక్కని అంచెలతో రాసి ఇస్తారు. అదే విద్యార్థిని నిలబెట్టి, ‘ఛార్జి లేని కెపాసిటరును ఒక రెసిస్టరుతో వరుసగా కలిపి 5 వోల్టుల సరఫరాకు తగిలించాం, స్విచ్ వేసిన క్షణంలో కెపాసిటరు మీద వోల్టేజి ఎంత?’ అని అడిగితే, ‘5 వోల్టులు సార్’ అంటాడు. కెపాసిటరు మీద వోల్టేజి ఉన్నట్టుండి మారలేదు కాబట్టి ఆ క్షణంలో అది సున్నా. ఆ సంగతి అతను రాసిచ్చిన జవాబులో మొదటి పంక్తిలోనే ఉంది.

దీన్ని కాపీ గొడవగా చూడవద్దని మనవి. వీళ్ళలో చాలామంది నిజాయితీగా కూర్చుని, చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబును అంచెలవారీగా చదివి, అర్థమైందని నమ్మి, తమ చేతితో తిరిగి రాసినవాళ్ళే. నాకు కనిపిస్తున్న మార్పు అంతా వరుసలో ఉంది. ఇదివరకు విద్యార్థి ముందు లెక్క దగ్గర ఆగిపోయేవాడు, తరువాతే పుస్తకం తిరగేసేవాడు, పక్క గదిలో బాగా చదివే కుర్రాణ్ణి లేపేవాడు. ఇప్పుడు అతను ఆగకముందే సహాయం వచ్చి కూర్చుంటోంది. ఆ ఆగిపోయిన కాసేపట్లో బుర్రలో జరగవలసిన పని ఒకటుందని, అది జరగకుండానే లెక్క ముగిసిపోతోందని నా అనుమానం. మీరు ఏం గమనిస్తున్నారు?

కొళత్తూరు తల్లి:

మాస్టారు గారూ, నాది తల్లి వైపు నుంచి చెప్పే మాట. మా అబ్బాయి ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. అక్కడ ఫోను ఉండదు, ఆదివారం వరుసలో నిలబడి హాస్టలు ఫోనులో మాతో మాట్లాడేవాడు. ఎప్పుడు లేవాలో, ఏ గంటలో ఏ సబ్జెక్టు పట్టుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ గంట కొట్టి చెప్పేవారు. అక్కడి నుంచి నేరుగా చెన్నైలో కాలేజీకి వచ్చాడు, వచ్చిన వారంలోనే చేతిలో ఫోను, ఒళ్ళో ల్యాప్‌టాపు పెట్టాం. తన సమయాన్ని తాను పంచుకోవడం అనే పని వాడు అప్పటిదాకా ఎన్నడూ చేయలేదన్న సంగతి మాకు తట్టనే లేదు.

ఫోను తీసేసుకుందామంటే హాజరు అందులోనే, బస్సు వేళలు అందులోనే, ఫీజు రసీదు అందులోనే, లెక్చరర్లు పంపే నోట్సు వాట్సాప్ గ్రూపులోనే. పుస్తకం ఉన్న చోటే సినిమా కూడా ఉన్నప్పుడు పిల్లవాణ్ణి దేనికి దూరంగా పెట్టమంటారు? నా ప్రశ్న ఒక్కటే. వాడి నుంచి ఫోను తీసుకోవాలా, వద్దా?

గిండీ పాత విద్యార్థి:

నేను ఇంజనీరింగ్ చదివిన కాలానికి కాలిక్యులేటర్లు వచ్చాయి గానీ అందరి చేతికీ రాలేదు. లాగరిథం విలువలు చూసుకునే క్లార్క్ పట్టికలు ఉండేవి, సీనియర్ల దగ్గర స్లైడ్‌రూలు, అంటే జరిపి లెక్కలు చేసే కొలబద్ద, ఉండేది. కాలిక్యులేటరు వచ్చినప్పుడు మా బుర్రలు తుప్పు పడతాయని పెద్దలు అన్నారు. మేం వంతెనలు కట్టాం, సబ్‌స్టేషన్లు నడిపాం, ఏమీ కాలేదు. అందుచేత కొత్త సాధనం వచ్చిందనగానే దిగులు పడే అలవాటు నాకు లేదు.

అయితే మాస్టారు చెప్పిన ఉదాహరణ చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. స్లైడ్‌రూలు అంకెలు మాత్రమే ఇస్తుంది, దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో చెప్పదు. జవాబు 3.16 అవుతుందా, 316 అవుతుందా అన్నది మనమే ముందుగా ఉజ్జాయింపుగా లెక్కకట్టుకోవాలి. పరిమాణం మీద పట్టు మాకు అలా వచ్చింది, ఎవరూ దాన్ని పాఠంగా చెప్పలేదు. కాలిక్యులేటరు ఆ అవసరాన్ని తీసేసింది. తీసేసిన సంగతి చాలా ఏళ్ళ తరువాత, మైక్రోఫారడ్‌కూ పికోఫారడ్‌కూ మధ్య పది లక్షల రెట్లు తేడా ఉన్నా ఉలిక్కిపడని కుర్ర ఇంజనీర్లను చూసినప్పుడు తెలిసింది. ఒక సాధనం చేసే పని అందరికీ కనిపిస్తుంది, అది మన చేత చేయించడం మానేసిన పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఏమైనా ఇప్పటి పిల్లలకు ఓపిక తక్కువ. అది మాత్రం ఖాయం.

కనిగిరి నుంచి, ఈసీఈ రెండో సంవత్సరం:

పెద్దలందరికీ నమస్కారం. చర్చ మా గురించే కాబట్టి ఒక విద్యార్థిగా రాస్తున్నాను. ఓపిక గురించి పెద్దాయన అన్న మాటకు జవాబు చివర్లో చెబుతాను.

నేను పదో తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంటర్లో ఇంగ్లీషు మాధ్యమం అన్నారు గానీ సార్లు తెలుగులోనే చెప్పి సూత్రాలు ఇంగ్లీషులో రాయించేవారు. చెన్నై వచ్చాక మొదటి సెమిస్టరులో తరగతి ఇంగ్లీషులో మొదలై, ఎవరైనా సందేహం అడగగానే తమిళంలోకి మారిపోయేది. అందులో ఎవరి తప్పూ లేదు, అడిగినవాడు తమిళుడు, చెప్పేవారు తమిళులు. కానీ పాఠంలో అసలు కీలకం ఆ సందేహం దగ్గరే ఉండేది, సరిగ్గా అక్కడే నాకు తలుపు మూసుకుపోయేది. హాస్టల్లో తెలుగు కుర్రాళ్ళం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం.

నన్ను నిలబెట్టింది ఫోనే. యూట్యూబులో తెలుగులో చెప్పే ఇంజనీరింగ్ పాఠాలు దొరికాయి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్ వీడియో పెట్టుకుని, కింద అక్షరాలు చదువుతూ, అర్థం కాని చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ విన్నాను. తరగతిలో లెక్చరరును అలా వెనక్కి జరపలేం కదా. కొన్ని ఎన్‌పీటీఈఎల్ పాఠాలకు తెలుగు అనువాద ప్రతులు కూడా ఉన్నాయని తెలిశాక వాటిని పక్కన పెట్టుకుని చదివాను. ఇప్పుడు కృత్రిమ మేధను తెలుగులో అడుగుతాను, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి అడిగినా దానికి అర్థమవుతుంది. ‘ఇది కూడా తెలియదా’ అని అది నవ్వదు. తరగతిలో అరవై మంది ముందు చెయ్యి ఎత్తలేని వాడికి ఆ మాట విలువ ఎంతో పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి.

సార్ అన్న వరుస నాలాంటి వాడికి కుదరదని నా అభిప్రాయం. ముందు ఆగిపోవాలి, తరువాత సహాయం తీసుకోవాలి అంటున్నారు. నేను ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉన్నాను, లెక్క దాకా వెళ్ళనే లేదు.

ఇక ఓపిక సంగతి. మా ప్రశ్నపత్రంలో రెండు మార్కుల ప్రశ్నలు, పదమూడు మార్కుల ప్రశ్నలు, చివరగా ఒక పదిహేను మార్కుల ప్రశ్న ఉంటాయి. అయిదు యూనిట్లు. ఏ యూనిట్ నుంచి ఏ పదమూడు మార్కుల ప్రశ్న రావచ్చో చెప్పే వీడియోలు పరీక్షకు ముందు రాత్రి గ్రూపుల్లో తిరుగుతాయి, వాటిలో చాలావరకు నిజంగానే వస్తాయి. ఆ వీడియో చూసినవాడు పాసవుతాడు. పాఠ్యపుస్తకంతో నెలంతా కుస్తీ పట్టినవాడు కూడా పాసవుతాడు, కొన్నిసార్లు తక్కువ మార్కులతో. ఓపిక లేక ఆ దారి పట్టడం లేదండీ, లెక్క వేసుకునే పడుతున్నాం.

నిర్వాహకుడు:

కళాశాలల పేర్లు, లెక్చరర్ల పేర్లు రాయవద్దని అందరికీ గుర్తుచేస్తున్నాం. అలా వచ్చిన రెండు సందేశాలను తొలగించాం. చర్చ కొనసాగించండి.

మనోవిజ్ఞాన పరిశోధక విద్యార్థిని:

నేను చెన్నైలో అభ్యసనం, జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తున్నాను. మాస్టారి అనుమానానికి దగ్గరగా వచ్చే ప్రయోగాలు రెండు చెబుతాను.

మొదటిది 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికాలో కళాశాల విద్యార్థుల మీద చేసినది. ఒక గుంపు చేత ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివించారు. మరో గుంపు చేత ఒక విడత చదివించి, మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివిన గుంపే ముందుంది, సుమారు 83 శాతం గుర్తుంచుకున్నారు, రెండో గుంపుది 71 శాతం. వారం తరువాత పరీక్షిస్తే తలకిందులైంది. నాలుగుసార్లు చదివినవాళ్ళకు 40 శాతం మిగిలింది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకు 61 శాతం. ఇంకా ముఖ్యమైనది, ‘మీకు ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు’ అని ముందే అడిగినప్పుడు, ఎక్కువ మరిచిపోబోతున్న గుంపే ఎక్కువ ధీమాగా చెప్పింది. సాఫీగా చదువుకుంటూ పోతున్నప్పుడు కలిగే ‘తెలిసిపోయింది’ అన్న భావన అంత నమ్మదగినది కాదు. చాట్‌జీపీటీ జవాబు చదివి అర్థమైందనుకున్న మీ విద్యార్థులకు జరిగింది ఇదేనని నాకు అనిపిస్తోంది.

రెండోది టర్కీలో ఒక ఉన్నత పాఠశాలలో సుమారు వెయ్యిమంది విద్యార్థులతో గణితంలో చేసిన ప్రయోగం. బస్తానీ, మరికొందరు కలిసి చేశారు, 2025లో ప్రచురితమైంది. ఒక గుంపుకు జీపీటీ-4 అనే కృత్రిమ మేధను మామూలుగా ఇచ్చారు. మరో గుంపుకు ఉపాధ్యాయులు సిద్ధం చేసిన సూచనలతో, జవాబు నేరుగా చెప్పకుండా ఆధారం (హింట్) మాత్రం అందించేలా మలిచి ఇచ్చారు. మూడో గుంపుకు పుస్తకాలే. అభ్యాసం చేస్తున్నప్పుడు మొదటి గుంపు ఫలితాలు పుస్తకాల గుంపు కన్నా 48 శాతం మెరుగ్గా, రెండో గుంపువి 127 శాతం మెరుగ్గా వచ్చాయి. తరువాత సాధనం తీసేసి పరీక్ష పెడితే, మామూలు జీపీటీ వాడినవాళ్ళు అసలు వాడనివాళ్ళ కన్నా 17 శాతం వెనకబడ్డారు. ఆధారం మాత్రమే అందుకున్న గుంపుకు ఆ నష్టం దాదాపు జరగలేదు, కానీ పరీక్షలో ప్రత్యేకంగా లాభమూ కనిపించలేదు. వాళ్ళు పాఠశాల పిల్లలు, మనం మాట్లాడుతున్నది కళాశాల విద్యార్థుల గురించి, ఆ తేడా మనసులో ఉంచుకోవాలి.

కనిగిరి తమ్ముడు చెప్పింది దీనికి విరుద్ధం కాదు. అతను యంత్రం చేత చేయించుకున్న పని ప్రశ్నను అర్థం చేసుకోవడం, జవాబు కట్టడం కాదు. ఏ పని యంత్రానికి ఇచ్చాడన్నది చూడకుండా ‘వాడాడు’ అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పలేం.

ఓఎంఆర్ ఉద్యోగి:

నేను ఓఎంఆర్‌లో, అంటే చెన్నై పాత మహాబలిపురం రోడ్డులో, ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో కొత్తవాళ్ళ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఆన్‌లైన్ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న అభ్యర్థి, ఎదురుగా కూర్చుని అదే ప్రోగ్రాములో ఒక్క షరతు మారిస్తే ఏమవుతుందో చెప్పలేకపోవడం ఇప్పుడు మామూలైపోయింది. అందుకే మళ్ళీ తెల్లబోర్డు మీద రాయమంటున్నాం.

అయితే తప్పంతా సాధనం మీద వేయడం నాకు ఒప్పుదల కాదు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. అంతకు ముందు మేం కళాశాలలో చదివిన రోజుల్లో సీనియర్ల రికార్డు పుస్తకాలు జిరాక్సు కొట్టుకెళ్ళి దించేసి ఇచ్చేవాళ్ళం, అప్పుడూ లెక్చరర్లు సంతకాలు పెట్టేవారు. అందంగా రాసిన కాగితానికే మార్కులు వేసే పద్ధతి ఉన్నంత కాలం, ఆ కాగితాన్ని తక్కువ శ్రమతో తయారుచేసే దారినే పిల్లలు వెతుకుతారు. కనిగిరి కుర్రాడు సూటిగా చెప్పాడు, దానికి మాస్టారు జవాబు చెప్పాలి.

తాంబరం అధ్యాపకుడు:

చెబుతాను. ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి, విసుక్కోకండి.

మన దేశంలో పై చదువులకు సాంకేతికతను తెచ్చిన ప్రతిసారీ ఒకే ఊహతో తెచ్చారు. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. 2004 సెప్టెంబరులో మన శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ఎగరేశారు. 2003లో ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టాయి, దాని ప్రధాన కేంద్రాల్లో ఒకటి ఇక్కడే గిండీ పక్కన ఐఐటీ మద్రాసులో ఉంది. 2017లో ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. మంచి అధ్యాపకుడు అన్ని ఊళ్ళలో లేడు, అతని పాఠాన్ని అన్ని ఊళ్ళకూ చేరవేస్తే సరిపోతుంది, ఇదీ ఆ ఊహ. అది చిన్న మేలు కాదు. కనిగిరి అబ్బాయి చెప్పింది ఆ మేలు గురించే, దాన్ని నేను కాదనను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి పాఠంలోకి అడుగు పెట్టడానికే సాయం కావాలి, అది ముందే రావాలి. నేను అడిగిన వరుస లెక్క కట్టే దశకు వర్తిస్తుంది, లెక్కను అర్థం చేసుకునే దశకు కాదు.

కానీ పాఠం చేరడం అనేది తీరిపోయిన కొరత. 2016లో జియో వచ్చాక డేటా చవకై, ఏ అంశం మీదనైనా పది మంచి పాఠాలు హాస్టలు మంచం మీదికే వస్తున్నాయి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి మనసు పెట్టి చూసేది దాదాపు ఆరు నిమిషాలేనని తేలింది. అప్పటి నుంచి అందరూ పాఠాలను ముక్కలు చేశారు. ముక్కలు చేయడం వల్ల చూడటం సులువైంది, ఒక ముక్కను మరో ముక్కతో కలుపుకునే పని మాత్రం విద్యార్థి మీదే పడింది, ఆ పని చేయించేవాళ్ళు లేరు.

ఓఎంఆర్ మిత్రుడు అడిగిన దానికి వస్తాను. ఎన్‌పీటీఈఎల్ ధ్రువపత్రంలో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్ళి పర్యవేక్షణలో రాసే పరీక్షకు 75. అసైన్‌మెంటు జవాబులు గడువుకు ముందే గ్రూపుల్లో తిరగడం ఆ కోర్సులు చేసే పిల్లలందరికీ తెలిసిందే. అయినా ఆ ధ్రువపత్రానికి విలువ నిలిచింది, ఎందుకంటే బరువంతా అవతలి వైపు పెట్టారు. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు గనుక, ఆ బరువు ఎటు పెట్టారన్నది ఇక చిన్న విషయం కాదు. ప్రశ్నపత్రం నమూనా మార్చే అధికారం నాకు లేదు. ప్రయోగశాల మాత్రం నా చేతిలో ఉంది, అక్కడ ఏం చేస్తున్నానో మరోసారి వివరంగా రాస్తాను.

వైద్య విద్యార్థిని, మూడో ఏడు:

ఇంజనీరింగ్ వాళ్ళ మధ్య మా సంగతి కూడా ఒకటి. మాకు అర్థం చేసుకోవడంతో పాటు గుర్తుంచుకోవలసిన భారం ఎక్కువ. మందుల పేర్లు, వాటి పని తీరు, దుష్ప్రభావాలు, ఏ నరం ఏ కండరానికి వెళ్తుంది, ఇవన్నీ చదివిన వారంలోనే జారిపోతాయి. జ్ఞాపకం ఎలా కరిగిపోతుందో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనోవిజ్ఞాని 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని కొలిచి చూపాడు. 2006లో వచ్చిన ఆంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ మరపు చుట్టూ తిరుగుతుంది. ప్రశ్న ఒక వైపు, జవాబు మరో వైపు రాసిన కార్డును, మనం మరిచిపోయే అంచుకు వచ్చేసరికి మళ్ళీ ముందు పెడుతుంది. జవాబు చెప్పగలిగితే తరువాతిసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది, చెప్పలేకపోతే త్వరగా వస్తుంది.

పైన అక్క చెప్పిన రెండో గుంపు పనిని, అంటే గుర్తు తెచ్చుకునే పనిని, ఈ సాధనం మా చేత బలవంతంగా చేయిస్తుంది. ఫోను చదువును పాడుచేస్తుందని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నాకు చిరాకు వచ్చేది ఇందుకే. అయితే ఒక గమనిక. ఎవరో తయారుచేసిన వేల కార్డులను దిగుమతి చేసుకున్న మా స్నేహితులు కొద్ది వారాల్లోనే విసిగి వదిలేశారు, పాఠం చదివిన రోజునే సొంతంగా కొన్ని కార్డులు రాసుకున్నవాళ్ళు ఇంకా కొనసాగిస్తున్నారు. కార్డు రాయాలంటే ఏది అడగదగ్గ ప్రశ్నో మనమే తేల్చుకోవాలి కదా.

కోట్టూర్పురం పాఠకుడు:

అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగానికి తరచూ వెళ్తాను. అక్కడి కుర్రకారును చూస్తే ల్యాప్‌టాపు, దాని పక్కనే రూళ్ళ పుస్తకం, పెన్ను ఉంటాయి. తెర మీద చదివి కాగితం మీద రాసేవాళ్ళే ఎక్కువ. పరిశోధన చేస్తున్న సోదరి, చేతిరాత గురించి, కాగితం గురించి ఏమైనా తేలిందేమో చెబుతారా? పత్రికల్లో ఒక్కోసారి ఒక్కోలా రాస్తున్నారు.

మనోవిజ్ఞాన పరిశోధక విద్యార్థిని:

పత్రికలు అలా రాయడానికి కారణం ఉంది. ల్యాప్‌టాపులో నోట్సు తీసుకున్నవాళ్ళు లెక్చరరు మాటలను ఉన్నదున్నట్టు దింపేస్తున్నారని, చేత్తో రాసేవాళ్ళు సొంత మాటల్లోకి కుదించుకుంటారు కనుక భావాల ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారని 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ రాశారు. అది లోకమంతా పాకింది. 2019లోనూ 2021లోనూ వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూసినప్పుడు పరీక్ష ఫలితాల్లో అంత స్పష్టమైన తేడా రాలేదు. అందుచేత చేతిరాతే గొప్పదని నేను పందెం కాయను.

చదవడం విషయంలో ఆధారం ఇంకొంచెం గట్టిది. 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను, లక్షా డెబ్బై వేలకు పైగా పాఠకులను కలిపి చూసిన విశ్లేషణ 2018లో వచ్చింది. సమాచారం చెప్పే పాఠాల్లో, ముఖ్యంగా గడువు పెట్టి చదివించినప్పుడు, కాగితం మీద చదివినవాళ్ళకే అవగాహన కొద్దిగా మెరుగు. తెరలకు అలవాటు పడేకొద్దీ ఆ తేడా తగ్గుతుందని ఊహించాం, అది తగ్గకపోగా ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగింది.

కొళత్తూరు అమ్మగారి ప్రశ్నకు కూడా ఒక చిన్న సంగతి. తరగతిలో ల్యాప్‌టాపులో వేరే పనులు చూసుకునే విద్యార్థికే కాక, ఆ తెర కనిపించేలా వెనక కూర్చున్నవాళ్ళకు కూడా పాఠం తక్కువ ఎక్కిందని 2013లో కెనడాలో సనా, మరికొందరు చూపారు. ఒక్క పిల్లవాడి ఫోను తీసుకుంటే సమస్య తీరకపోవడానికి ఇదొక కారణం.

కొళత్తూరు తల్లి:

ఇవన్నీ చదివాక నాకు ఫోను మీద కోపం కొంత తగ్గింది గానీ ప్రశ్న అలాగే ఉంది. రాత్రి పదకొండుకు తలుపు సందులోంచి నీలం వెలుతురు కనిపిస్తే, వాడు పాఠం చూస్తున్నాడో, మరేదో చూస్తున్నాడో నాకు ఎలా తెలుస్తుంది? అడిగితే ‘చదువుతున్నానమ్మా’ అంటాడు.

కనిగిరి నుంచి, ఈసీఈ రెండో సంవత్సరం:

అమ్మా, మా అమ్మ కూడా ఇదే అడుగుతుంది, ఆవిడ కనిగిరి నుంచి ఫోనులో అడుగుతుంది. ‘ఏం చూస్తున్నావు’ అని అడిగితే మేమందరం ‘పాఠం’ అనే చెబుతాం. మా అమ్మ ఈ మధ్య ‘ఇవాళ ఏం చదివావో నాకు చెప్పు’ అనడం మొదలుపెట్టింది. ఆవిడ అయిదో తరగతి దాకా చదివింది. ట్రాన్సిస్టరు ఏం చేస్తుందో ఆవిడకు అర్థమయ్యేలా చెప్పబోయి, మధ్యలో నాకే తెలియని చోటు తగిలి ఆగిపోయాను. ఆ రాత్రి మళ్ళీ పుస్తకం తీశాను. మీ అబ్బాయిని కూడా అలా అడిగి చూడండి, మీకు సబ్జెక్టు తెలియనవసరం లేదు.

హాస్టల్లో మేం నలుగురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. లెక్కను ముందు కాగితం మీద ఎంతవరకు వస్తే అంతవరకు చేస్తాం. ఆగిన చోట గీత గీసి, ఎందుకు ఆగామో ఒక వాక్యం తెలుగులో రాస్తాం. ఆ వాక్యాన్నే కృత్రిమ మేధకు ఇచ్చి, ‘జవాబు చెప్పకు, ఆధారం మాత్రం చెప్పు’ అంటాం. అది మాట వినదు, చాలాసార్లు మొత్తం లెక్క చేసి పెట్టేస్తుంది. అప్పుడు తెర కిందికి తిప్పకుండా ఆపుకోవడం మా వంతు. పరీక్ష వారంలో ఈ నియమాలేవీ పాటించం, అది కూడా చెప్పేస్తున్నాను.

గిండీ పాత విద్యార్థి:

బాబూ, ఆగిన చోట గీత గీసి కారణం రాసుకునేవాడికి ఓపిక లేదని నేను అనను. నీ దగ్గర ఆ కాగితాలు ఉంటే పారేయకు.

మాస్టారూ, ప్రయోగశాల సంగతి రాస్తానన్నారు.

తాంబరం అధ్యాపకుడు:

రాస్తున్నాను. ఇదివరకు మా విద్యార్థులు కంప్యూటరులో ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరుతో సర్క్యూటు గీసి, వచ్చిన గ్రాఫును రికార్డులో అతికించి ఇచ్చేవారు. సిమ్యులేషన్ ఎప్పుడూ సూత్రం చెప్పినట్టే వస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది సూత్రమే. ఇప్పుడు వరుస మార్చాను. 10 కిలో ఓముల రెసిస్టరు, 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఇస్తాను. ఈ రెండింటి లబ్ధం, అంటే కెపాసిటరు ఎంత నెమ్మదిగా నిండుతుందో చెప్పే కాలం, సరిగ్గా ఒక సెకను, కనుక ఖరీదైన ఆసిలోస్కోపు అక్కరలేకుండా మల్టీమీటరులో అంకెలు పైకి పాకడం కంటితో చూడవచ్చు. స్విచ్ వేయకముందే, 5 వోల్టుల సరఫరాతో సున్నా క్షణంలో ఎంత, ఒక సెకనుకు ఎంత, అయిదు సెకన్లకు ఎంత అన్నది ఊహించి కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితానికి ఊహ తప్పయినా మార్కులు పోవు, ఖాళీగా ఇస్తే పోతాయి.

తరువాత స్విచ్ వేస్తారు. సున్నా దగ్గర ‘5 వోల్టులు’ అని రాసినవాడు మీటరు సున్నా నుంచి బయలుదేరడం తానే చూస్తాడు. నేను నోరు విప్పనవసరం లేదు. ఒక సెకనుకు సూత్రం ప్రకారం 63 శాతం, అంటే దాదాపు 3.16 వోల్టులు రావాలి. పెద్దాయన పైన ఏ ఉద్దేశంతో రాశారో గానీ సరిగ్గా అదే అంకె. మీటరు 2.8 చూపితే సగం మంది తమ లెక్క తప్పనుకుని అంకె దిద్దేస్తారు, మిగతావాళ్ళు ‘ఎందుకు?’ అంటారు. ఆ కెపాసిటర్లు పెట్టె మీద రాసిన విలువకు ఇరవై శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. ఆ సంగతి తమంతట తాము పట్టుకున్నాక సిమ్యులేటరు తెరవమంటాను, కెపాసిటరు విలువ మార్చి, తమ కొలతకు సరిపోయే విలువ ఎంతో వెతకమంటాను. కృత్రిమ మేధను కూడా ఆ దశలో అడగవచ్చు, తమ కొలతలు ఇచ్చి కారణాలు అడిగితే అది మంచి సలహాలే ఇస్తుంది.

దీనికి ఖర్చు పెద్దగా లేదు, సమయం చాలా పడుతుంది. ఒక్కో బృందం దగ్గర నిలబడాలి. అరవై మంది ఉన్న తరగతిలో సెమిస్టరుకు ఇలాంటివి మూడు నాలుగు ప్రయోగాలకు మించి చేయించలేకపోతున్నాను, మిగతావి పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి.

ఓఎంఆర్ ఉద్యోగి:

ఆ సంతకం పెట్టించడం బాగుంది. మా దగ్గర కూడా ప్రోగ్రామును నడిపే ముందు ఫలితం ఎంత వస్తుందో రాయమని అడిగి చూస్తాను.

కనిగిరి నుంచి, ఈసీఈ రెండో సంవత్సరం:

సార్, ఒక సందేహం. ఊహ రాసే కాగితంలో కారణం కూడా రాయాలంటే దాన్ని తెలుగులో రాయవచ్చా? ఇంగ్లీషులో రాయాలంటే నేను ఆలోచించడం మానేసి వాక్యం కూర్చడంలో పడిపోతాను.

తాంబరం అధ్యాపకుడు:

ఊహ కాగితం నాకూ నీకూ మధ్య ఉండేది, తెలుగులోనే రాయి. తమిళ విద్యార్థులు తమిళంలో రాసినా చదువుకోగలను. రికార్డు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి, దాన్ని బయటి పరీక్షకుడు చూస్తారు. ఈ సెమిస్టరు బృందాలు సోమవారం నుంచి మొదలవుతున్నాయి.

కొళత్తూరు తల్లి:

నిన్న రాత్రి మా వాణ్ణి ‘ఏం చదివావో చెప్పు’ అని అడిగాను. ‘నీకు అర్థం కాదులే అమ్మా’ అన్నాడు. ఇవాళ మళ్ళీ అడుగుతాను.